అదను దప్పిన వైద్యము

2023వ సంవత్సరాంతమున కడప పట్టణమందు మానసిక రోగులకై 100 పడకల ప్రభుత్వ వైద్యశాల ప్రారంభింపబడినది. 2014లో రాష్ట్రము విభక్తమైన పిదప ఎఱ్ఱగడ్డ వైద్యశాల తెలంగాణమునకు చెందిపోగా, ఈ రోగములకై ప్రత్యేకించిన సర్కారు వైద్యశాల మనకు విశాఖపట్టణమున మాత్రమే మిగిలియుండెను. కర్నూలు కడప మండలముల రైతు తన బిడ్డను రాష్ట్రపు ఆ కొసకు కొనిపోలేక వేలూరునకో బెంగుళూరునకో పోవుచుండెను. కావున కడపలో ఈ సౌకర్యము కలుగుట సంతోషింపదగిన విషయమే. దానిని తక్కువచేసి మాటలాడుట మా యుద్దేశము కాదు. అయినను పడకల లెక్కతో తీఱని ప్రశ్న యొకటి కలదు. 18 ఏండ్ల పిల్లవానికి మతి చలించిన మొదటి నెలలో వానిని చూచువారెవరు? ఏడాది గడచి, ఇంటిలోని బంగారము తాకట్టునకు పోయి, పిల్లవాడు గుఱుతుపట్టరానివాడైన తరువాత వైద్యశాల తలుపు తట్టుట యొకటి. రోగము పచ్చిగా నున్నపుడే వైద్యుని కంటబడుట మఱియొకటి. ఈ రెంటి నడుమనున్న కాలమును గూర్చియే మేము నేడు కొన్ని మాటలు వ్రాయదలచినాము.

వైద్యులు సైకోసిస్ అని పిలుచు ఈ యున్మాదము పలువురు తలచునట్లు ఒక్క రాత్రిలో పిడుగువలె పడునది కాదు. తఱచుగా అది మెల్లగా వచ్చును. 15 మొదలు 30 ఏండ్ల లోపలి వయస్సున, అనగా చదువు ముగిసి సంపాదన మొదలగు కాలమున, అది యెక్కువగా కనబడును. మగపిల్లలకు కొంచెము ముందుగను, ఆడుపిల్లలకు కొంచెము వెనుకగను వచ్చుట వాడుక. బాగుగా చదువుచున్నవాడు పుస్తకము మూసివేయును. రాత్రులు నిద్రింపడు. స్నానము మానును. స్నేహితులను తప్పించుకొని తిరుగును. ఇంటివారు తన యన్నములో నేమో కలుపుచున్నారని యనుమానించును. వీధిలో ఇద్దఱు నిలిచి మాటలాడుకొనినచో తన్ను గూర్చియే యనుకొనును. ఎవరును లేనిచోట మాటలు వినబడుచున్నవని చెవి యొగ్గును. వీనిలో ఏ యొక్కదానినో చూచి రోగమని నిర్ణయింపరాదు. పరీక్ష తప్పిన పిల్లవాడును నిద్రపోడు. మనసు విఱిగినవాడును స్నేహితులను తప్పించుకొనును. మెదడునకు సోకిన జ్వరము, మూర్ఛ, గంజాయి, అలవాటైన సారాయిని హఠాత్తుగా మానుట మొదలగునవి కూడ ఇట్టి లక్షణములనే చూపగలవు. వైద్యుడు చూడవలెననుట అందుచేతనే. కాని యివన్నియు వారములతరబడి కలిసి పెరుగుచుండగా, వయసు పొగరనియు సోమరితనమనియు తిట్టుచు కాలము గడపుట మన యిండ్లలో జరుగుచున్న పని.

తిట్లు పనిచేయనినాడు ఆలోచన గాలిమీదికి పోవును. ఎవరో చేయించినారందురు; మధ్యాహ్నపువేళ శ్మశానపు దారిని పోయినాడందురు. అంత్రము కట్టింతురు, దిష్టి తీయింతురు. నెల్లూరు మండలములోని ఏ.ఎస్. పేట దర్గాకో, గుంతకల్లు చెంతనున్న కసాపురము ఆంజనేయస్వామి సన్నిధికో కొనిపోయి నిద్రచేయింతురు. ఈ విషయమున మతభేదము కూడ లేదు. దర్గాలో నిద్రచేయు హిందువుల సంఖ్య తక్కువ కాదు. మ్రొక్కుబడులను ఎగతాళి చేయుట పట్టణములలో కొందఱికి నాగరకతా చిహ్నమైనది. మాకు ఆ యభిరుచి లేదు. ఏలయన, అచ్చటికి పోయినవారిలో కొందఱు నిజముగానే బాగుపడి తిరిగి వచ్చుచున్నారు. దానికి కారణము తెలిసికొనిన పక్షమున మన యాలస్యమునకు కారణము కూడ తెలియగలదు. కొన్ని వారములలో తమంత తామే చల్లాఱు తీవ్రోన్మాదములు ధనికదేశములలోకంటె మనవంటి దేశములలో మిక్కిలి యధికముగా కనబడుచున్నవని పరిశోధకులు చాలకాలమునుండి వ్రాయుచున్నారు. అట్టి యున్మాదము వచ్చిన పిల్లవానిని నలువది దినములు స్వామి సన్నిధిని ఉంచినచో, ప్రశాంతమైన చోటును, తల్లి చేతి యన్నమును, పదిమంది దయయు తోడై వాడు కోలుకొనును. కీర్తి అంత్రమునకు దక్కును. ఆ మాట విని ప్రక్క యూరివారు తమ పిల్లవానిని కొనిపోవుదురు. వానికి వచ్చినది తానుగా చల్లాఱునది కాదు. నలువది దినములు ఎనుబది యగును, ఎనుబది ఏడాది యగును. ఒకని స్వస్థతయే మఱియొకని యాలస్యమునకు కారణమగుచున్నది.

దీనికి మార్గము గుడి తలుపు మూయుట కాదు. గుజరాతులోని ఉనావా గ్రామమున మీరా దాతార్ దర్గా చెంతనే 2008 మొదలు వైద్యులు కూర్చుండి, ప్రార్థనతోపాటు మందును ఇచ్చు ఏర్పాటు జరిగినది. ముజావరులే రోగులను వైద్యుని యొద్దకు పంపుదురు. మన సీమలోని క్షేత్రముల ధర్మకర్తలును దర్గాల పెద్దలును తలచుకొనినచో వారమున కొకనాడు ఒక వైద్యునికి ఒక గది ఇచ్చుట ఎంత పని? మిరపకాయల పొగ పెట్టియు, వాతలు పెట్టియు, కొట్టియు డబ్బు గుంజు భూతవైద్యుల సంగతి మాత్రము వేఱు. వారితో సంప్రదింపులు అక్కఱలేదు, పోలీసువారు చాలుదురు.

సేద్యమెఱిగిన మా పాఠకులకు అదను అను మాటను విప్పి చెప్పనక్కఱలేదు. తొలకరి పడిన పిదప మన యెఱ్ఱనేలలలో పదును కొన్నిదినములకంటె నిలువదు. ఆ దినములలో గొఱ్ఱు తోలినవానికి వేరుసెనగ మొలచును. పిదప అదే విత్తనము, అదే చేను, అదే కష్టము. ఫలితము మాత్రము వేఱు. ఉన్మాదవైద్యమునకును అట్టి యదను కలదని గడచిన ముప్పదియేండ్ల పరిశోధన తేల్చినది. 1992లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున పాట్రిక్ మెక్‌గోరీ అను వైద్యుడును ఆయన సహచరులును, తొలిసారి మతి చలించిన యువకులను దీర్ఘరోగుల నడుమ పడవేయక వేఱుగా చూచు వైద్యకేంద్రమును స్థాపించిరి. తక్కువ మోతాదులో మందు, ఇంటివారికి బోధ, రోగికి ఎల్లపుడును తెలిసిన ఒక్క మనిషి తోడు, చదువునకో పనికో తిరిగి చేర్చుట, ఇది యంతయు రెండేండ్లవఱకు విడువక జరుపుట దాని పద్ధతి. అమెరికాలో 34 వైద్యకేంద్రములలో 404 మందిపై జరిపి 2015లో ప్రకటించిన పరీక్షయందు ఈ పద్ధతి సామాన్య వైద్యముకంటె మేలని తేలినది. అందులో మేము ముఖ్యముగా గమనింపవలసినది మఱొకటి. అంత ధనికదేశమున కూడ వారిలో సగముమంది రోగము మొదలైన 74 వారములకుగాని సరియైన వైద్యమునకు రాలేదు. ఆ 74 వారములలోపల వచ్చినవారికి కలిగిన మేలు వెనుక వచ్చినవారికంటె చాల యెక్కువ.

నార్వేదేశపు అనుభవము పత్రికవారికి ప్రత్యేకముగా రుచించునది. అచ్చటి స్టవాంగెర్ ప్రాంతమున 1997 మొదలు వార్తాపత్రికలలోను, రేడియోలోను, చలనచిత్రశాలలలోను, పాఠశాలలలోను ఈ రోగపు తొలిలక్షణములను విడువక ప్రకటించిరి. ఎవరైన పిలిచినచో వెంటనే పోయి చూచు బృందమును నిలిపిరి. అట్లు చేసిన చోట వైద్యము లేక గడచిన కాలము మధ్యస్థముగా 5 వారములు. చేయని చోట 16 వారములు. పదియేండ్ల పిదప చూడగా, ముందుగా కనిపెట్టిన ప్రాంతములో పూర్ణముగా కోలుకొనినవారి పాలు రెండవదానికి రెట్టింపు. నడుమ ప్రకటనలు మానినపుడు ఆలస్యము మరల పెరిగినదట. అనగా ఒకసారి డప్పు వేయించి ఊరకుండినచో చాలదు. ఆలస్యమైనవారికి వైద్యము వ్యర్థమని మా మాటలకు ఎవరును అర్థము చేసికొనరాదు. పదేండ్లు గడచినవారును మందుతోను ఆదరణతోను మెఱుగగుచున్నారు. కాని పది యెకరములు పండవలసినచోట నాలుగెకరములు పండుటను చూచి తృప్తిపడు రైతు ఎవడు?

ఇంత యాలస్యమునకు మూలము దయ్యముమీది నమ్మకము కాదు, పెండ్లి యని మా యభిప్రాయము. ఇంటిలో ఒకనికి పిచ్చి అని ఊరిలో పొక్కినచో చెల్లెలికి సంబంధము రాదు. తండ్రి అజ్ఞాని కాడు. అతడు లెక్క వేయుచున్నాడు. ఆస్పత్రి చీటీని పెట్టె యడుగున దాచును. ప్రొద్దుటూరివాడు కర్నూలులోను, కర్నూలువాడు హైదరాబాదులోను వైద్యుని వెదకుదురు. తిరుగుట భారమై రెండవసారి పోరు. దాచిన రోగము దాగదు. పెరిగి వీధిన బడును. అపుడు చెల్లెలి సంబంధమును పోవును, పిల్లవాని బుద్ధియు పోవును. తోబుట్టువులకు కూడ వచ్చుననెడి భయము విషయమున ఉన్నమాట చెప్పుకొనుట మేలు. ఈ యున్మాదములలో కఠినమైన స్కిజోఫ్రీనియా కలవాని తోబుట్టువునకు అది వచ్చు అవకాశము నూటికి 10 లోపు. నూటికి 90 మంది తోబుట్టువులకు ఆ ముప్పు లేదు. మేనరికముల పరంపరను తరతరములుగా లెక్కపెట్టుకొనుచు వచ్చిన మన పెద్దలకు ఈ లెక్క కష్టము కాదు.

దీనికంటె క్రూరమైనది రోగికే పెండ్లి చేయుట. పెండ్లియైనచో కుదురుకొనుననెడి మాట మన సీమలో ఎన్ని యిండ్లను కూల్చినదో! ఆడుపిల్ల విషయమున అది మఱింత దారుణము. అత్తవారు చూతురని ముహూర్తమునకు నెల ముందుగా మందు మాన్పింతురు. పెండ్లిసందడిలో నిద్ర యుండదు. క్రొత్తచోట, క్రొత్తమనుష్యుల నడుమ రోగము తిరుగబెట్టును. మోసము చేసినారని అత్తవారు పెట్టెతోసహా పుట్టింట దింపి పోవుదురు. 1955 నాటి హిందూ వివాహచట్టమున మతివికారము కొన్ని హద్దులకు లోబడి వివాహమును రద్దుపఱచుటకును విడాకులకును కారణముగా చెప్పబడియున్నందున ఈ కథ న్యాయస్థానపు మెట్లెక్కుట అరుదు కాదు. న్యాయస్థానములో ఎవరు గెలిచినను ఆ పిల్ల గెలువదు. తొలినాళ్లలోనే వైద్యము పొంది, రెండు మూడేండ్లు నిలుకడగానున్నవారు, ఎదుటివారికి నిజము చెప్పి, వైద్యుని సలహాతో పెండ్లాడి సుఖముగా కాపురము చేయుచున్నారు. తొందర యెందులకు?

మందు మానుటను గూర్చి ఇచ్చటనే చెప్పవలసియున్నది. నెల రెండు నెలలలో పిల్లవాడు కుదుటబడును. ఇక మందెందుకని ఇంటివారే ఆపుదురు. న్యూయార్కు నగరమున తొలిసారి రోగము వచ్చినవారిని అయిదేండ్లు వెంబడించి 1999లో ప్రకటించిన పరిశోధనలో నూటికి 80 మందికి పైగా అది తిరుగబెట్టినది. మందు మానినవారికి ఆ యపాయము సుమారు 5 రెట్లు. ప్రతి తిరుగుబాటు కొంత శక్తిని తినివేయును. అయితే మందులకు దోషములు లేవని చెప్పుట వంచన. ఒడలు బిగియును, మత్తు కలుగును, కొన్నింటితో బరువును చక్కెరయు పెరుగును. ఈ సంగతి ముందుగా చెప్పి, మోతాదు తగ్గించియో మందు మార్చియో చూచు వైద్యుని మాట జనులు నమ్ముదురు. చీటీ వ్రాసి మాటలాడక పంపు వైద్యుని మందే చెత్తకుప్ప పాలగుచున్నది. మందు పేరెత్తగానే విదేశీయమని ముఖము త్రిప్పుకొనువారు కూడ కలరు. సర్పగంధి వేరు ఉన్మాదమును శమింపజేయునని 1931లోనే కలకత్తా వైద్యులు గణనాథ సేను, కార్తిక చంద్ర బోసు అను వారు ప్రకటించిరని వారు గుర్తుంచుకొనవలెను. ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజిన్ అను మందు ఈ రోగులకు వాడబడినది 1952లోనే గదా!

వైద్యమందక మిగిలినవారికి గొలుసు. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవాఱుజామున తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా చెంత నెలకొల్పిన ఒక ప్రైవేటు ఆశ్రమము అంటుకొనగా, గొలుసులతో కట్టబడియుండి పరుగెత్తలేక 28 మంది మడిసిరి. దేశము దిగ్భ్రమ చెందినది. సుప్రీముకోర్టు తనంత తానే విచారణకు పూనుకొన్నది. 2018 మే 29 మొదలు అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగను గొలుసుతో కట్టరాదని శాసించుచున్నది. ప్రభుత్వ వైద్యమును పొందుట ప్రతివాని హక్కని, దానికై దూరప్రయాణము చేయవలసిన దుర్గతి ఎవరికిని ఉండరాదని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది. ఊరిపెద్దలు ఈ రెండు మాటలను కలిపి చదువుకొనవలెను. పసులకొట్టములో కొడుకును కట్టివేసిన తండ్రిని తప్పుపట్టుట సులభము. పగలు కూలికి పోక తప్పని ఆ తండ్రికి మొదటి నెలలో మనము చూపిన మఱొక దారి యేది?

మన కుటుంబముల శక్తిని గూర్చి మాత్రము మనకే తెలియకున్నది. పాశ్చాత్యదేశములు రోగిని గోడల నడుమ దాచి ఇంటివారిని గేటు బయట నిలిపిన కాలమున, 1950 దశకములో అమృతసర మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగరు ఆవరణములో డేరాలు వేయించి తల్లిదండ్రులను రోగులతో కూడ నుంచెను. 1957లో వేలూరున వెలసిన మానసిక వైద్యకేంద్రమును ఇంటివారు తోడుండు పద్ధతినే యవలంబించినది. మన కడప చిత్తూరు రైతులకు ఆ చోటు సుపరిచితము. రోగిని ఎత్తిపొడుచు మాటలు తఱచుగా నున్న యింట రోగము త్వరగా తిరుగబెట్టునని లండను పరిశోధకులు కనుగొనిరి. అదే కొలతతో చండీగఢులో చూడగా, అట్టి సూటిపోటి మాటలు మన కుటుంబములలో తక్కువగా నున్నట్లు 1987లో ప్రకటించిరి. డాక్టరు శారదామేనోను మొదలగువారు 1984లో మద్రాసున స్థాపించిన స్కార్ఫ్ అను సంస్థయు, కెనడాలోని మాంట్రియల్ వైద్యులును ఒకే పద్ధతిలో తొలిసారి ఉన్మాదమునకు రెండేండ్లు వైద్యము చేసి పోల్చి చూచిరి. చెన్నపట్టణమున ఇంటివారు వైద్యులను విడువక వెంటనుండిరి. నడుమ మానివేసిన రోగులును తక్కువ. మాంట్రియల్‌వంటి సంపన్ననగరము డబ్బుతో కొనలేని వస్తువు మన యింటిలో నున్నదన్నమాట.

ఈ మాట చెప్పి గర్వపడి ఊరకుండుట మాత్రము తగదు. కుటుంబమనగా ఆచరణములో ఒక తల్లి. రాత్రి మేలుకొనునది ఆమె, మందు మ్రింగించునది ఆమె, దెబ్బలు తినునది ఆమె. ఆమెకు ఆ రోగము పేరు కూడ ఎవరును చెప్పరు. రాయచోటి, రాజంపేట ప్రాంతములలో ఆ తల్లియే కువైటులో ఇంటిపనికి పోయి నెలనెలా డబ్బు పంపుచుండగా, పిల్లవాడు ముసలి అవ్వ పాల బడియుండుటయు కలదు. ఇంటివారికి నేర్పవలసినది బ్రహ్మవిద్య కాదు. అన్నములో విషమున్నదని వాడనినపుడు వాదింపరాదు, ఔనని తలయూపనురాదు. భయమగుచున్నదా యని యడిగి ప్రక్కన కూర్చుండి తానును ఆ కంచములోనే తినవలెను. గొంతు హెచ్చింపరాదు. నిద్ర తగ్గుట తిరుగుబాటునకు తొలిగుఱుతని యెఱుగవలెను. ఈ రోగులలో ప్రాణములు తీసికొనువారు తొలి యేండ్లలోనే యెక్కువ కావున పురుగుమందు డబ్బాను, త్రాటిని కంటికి దూరముగా ఉంచవలెను. ప్రతి సేద్యగాని యింటను పురుగుమందు నిలువయుండు మన సీమలో ఈ చివరిమాట అన్నిటికంటె ముఖ్యము. నాలుగు సాయంకాలములలో నేర్పదగిన ఈ సంగతులను నేర్పువారు లేకనే ఏండ్లు గడచుచున్నవి.

ఇచ్చట మన ప్రాంతపు చరిత్రలోని ఒక విచిత్రమును జ్ఞప్తికి తేవలసియున్నది. మానసిక వైద్యమును పెద్ద ఆస్పత్రుల గోడలు దాటించి పల్లెటూరి ఆరోగ్యకేంద్రమునకు తెచ్చు ప్రయత్నము ఒక జిల్లా యంతట దేశములో మొట్టమొదట జరిగినది బళ్లారిలో. బెంగుళూరి నిమ్హాన్స్ సంస్థవారు 1980 దశకపు నడుమ అచ్చటి సామాన్య వైద్యులకును ఆరోగ్యకార్యకర్తలకును శిక్షణ యిచ్చి, మందులు కేంద్రములోనే దొరకునట్లు చేసిరి. దానినే నమూనాగా గైకొని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య పథకము నాలుగు రాష్ట్రములలో మొదలైనది. బళ్లారి ఎవరిది? 1800లో నిజాము కుంఫిణీవారికి దత్తము చేసిన సీమలో కడప కర్నూలులకు తోబుట్టువు. ఆదవాని, ఆలూరు తాలూకాలు 1953 వఱకు బళ్లారి మండలములోనివే. ఆ యేట సరిహద్దు గీత పడి అవి కర్నూలులో చేరినవి. ముప్పదియేండ్ల పిదప గీతకు ఆవలి పల్లెలకు మందు వచ్చినది. ఈవలి పల్లెలకు రాలేదు. ఇందులో ఎవరి కుట్రయు లేదు. జిల్లాల లెక్కన పనులు జరుగునపుడు ఇట్లే యగును. కర్నూలుకంటె బళ్లారియే చేరువయైన ఆదవాని రైతునకు మాత్రము ఆ గీత విలువ తెలియును.

నేడు ఆ పథకము దేశమున 700కు పైబడిన జిల్లాలకు మంజూరైనది. మంజూరగుట వేఱు, జరుగుట వేఱు. వైద్యుల ఖాళీలు, ఒకసారి నేర్పి మఱచిన శిక్షణలు, నడుమ నిలిచిపోవు మందులు, సకాలమున రాని నిధులు అని దేశమందలి పరిశీలకులు దాని లోపములను పలుమాఱులు ఎత్తిచూపిరి. 2015-16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య పరిశీలన ఉన్మాదరోగులలో నూటికి 75 మంది వైద్యము లేకున్నారని తేల్చినది. ఆ 12 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము లేదు. కొలువని పొలమునకు శిస్తు ఎవరు కట్టుదురు?

మా కోరిక పెద్దది కాదు. కర్నూలు వైద్యకళాశాలయు, కడప వైద్యశాలయు తలపెట్టి, తొలిసారి మతి చలించినవారికై వేఱుగా ఒక వైద్యదినమును ఏర్పఱచవలెను. ఆదవాని, నంద్యాల, ప్రొద్దుటూరు, రాయచోటి ఆస్పత్రులలో వారమున కొకనాడు ఆ వైద్యుడు కూర్చుండవలెను. క్రొత్తరోగి కబురు చేసిన రెండువారములలోపల చూడబడవలెను. పాతరోగుల వరుసలో చివర నిలుపరాదు. ప్రతి కుటుంబమునకు రెండేండ్లపాటు ఒకే కార్యకర్త తెలిసియుండవలెను. వైద్యులు చాలరను వాదము మాకు తెలియును. గోవా, సతారా, కాంచీపురములలో చదువుకొన్న గ్రామీణ యువతీయువకులకు శిక్షణ యిచ్చి ఇండ్లకు పంపి, 2014లో ఫలితములు ప్రకటించిరి. మేలు మితముగానే కలిగినది. కాని కాంచీపురపు పల్లెలలో అది స్పష్టముగా కనబడినది. మన ఆశ కార్యకర్త ప్రతి గర్భిణి నెలను ఎఱుగును. నిద్రలేని పిల్లవాని సంగతి ఆమెకు తెలియకుండునా? ఎవరికి చెప్పవలెనో ఆమెకు తెలియదు, అంతే. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే సలహా దొరకును, ఖర్చు లేదు. కళాశాలల వసతిగృహములలోను, సంతలలోను, చలనచిత్రశాలలలోను ఆ సంఖ్య గోడకెక్కవలెను. నార్వేవారి పద్ధతిని అనుసరించి ఆ సంఖ్యను విడువక ప్రకటించుట పత్రికల ధర్మము.

భూస్వాములును వర్తకులును చేయవలసినది కూడ కలదు. దుకాణములో గుమాస్తా మూడునెలలు చికిత్సకు పోయినచో వాని పని వానికై నిలుపవలెను. కోలుకొనినవానికి పని మందులో సగము. సేద్యగాని కొడుకు కట్టివేయబడియున్నాడని తెలిసినపుడు మోటారుబండి యొకదినము ఇచ్చి కర్నూలునకో కడపకో పంపుట దానములలో చిన్నది, ఫలములో పెద్దది.

చివరగా పడమటి కర్నూలు మాట. కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు ప్రాంతములలో వాన తప్పినను, పంట ముగిసినను ఊళ్లకు ఊళ్లే సుగ్గికి పోవును. గుంటూరు సీమలో ప్రత్తి తీతకును, మిరపకోతకును పిల్లలతోసహా లారీలెక్కి నెలలతరబడి చేనిగట్ల గుడారములలో నుందురు. ఆస్పత్రిలో ఇచ్చు మందు ఒక నెలకే యైనచో రెండవనెలలో అది గుంటూరు చేనిగట్టున ముగియును. అచ్చటి వైద్యునికి చూపుటకు చీటీ యుండదు, ఉన్నను చదువువారుండరు. రిస్పెరిడోన్ మొదలగు మందులు అత్యవసర ఔషధముల జాతీయపట్టికలో నున్నవి, ధరయు అల్పము. సుగ్గికి పోవువారికి మూడునెలల మందును, తెలుగులో వ్రాసిన చీటీని చేతికిచ్చి, పోవుచోటి ఆరోగ్యకేంద్రమునకు కబురు పంపుటకు క్రొత్త చట్టము అక్కఱలేదు, క్రొత్త కట్టడము అక్కఱలేదు. ఈ యేడు కోసిగినుండి మొదటి లారీ కదలకముందే ఆ పొట్లములు ఆదవాని ఆస్పత్రికి చేరవలెను.